గొట్టంలో పరుగులు, ఒంట్లో చతికిల: జీ46ఎస్ పీఏహెచ్ విషయంలో సాయం కావాలి

పిపెట్టుపిల్ల | సోమవారం, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. పీహెచ్‌డీ రెండో ఏడు. ఫినైల్‌కీటోన్యూరియా, అంటే పీకేయూ మీద పని. తిండిలోని ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని మార్చే ఎంజైమ్ పాడై, అది ఒంట్లో పేరుకుపోయే పుట్టు జబ్బు.

ఆ ఎంజైమ్ పేరు ఫినైల్‌అలనిన్ హైడ్రాక్సిలేజ్ (ఇకమీదట పీఏహెచ్ అంటాను, వేళ్లు నొప్పెడుతున్నాయి). మనిషి పీఏహెచ్ జన్యువును ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టి ప్రోటీన్ తీస్తున్నాను. ముందువైపు ఎంబీపీ తగిలించి ఉంది, మాల్టోజ్‌ను పట్టుకునే ప్రోటీన్. అమైలోజ్ కాలమ్‌కి పట్టించి, మాల్టోజ్ పోసి దింపుకుంటాను. రెండు రకాలు తీశాను. ఒకటి మామూలు పీఏహెచ్. ఇంకోటి జీ46ఎస్, అంటే 46వ చోట గ్లైసీన్ ఉండాల్సింది సెరీన్ అయింది.

ఈ మార్పు ఉన్నవాళ్లకి పీకేయూ తీవ్రంగా ఉంటుందని చదివాను. కాబట్టి ఎంజైమ్ చచ్చి పడి ఉంటుందనుకున్నా. తీరా చూస్తే మామూలుదానిలో 80 శాతం దాకా పనిచేస్తోంది! మూడుసార్లు కొత్తగా ప్రోటీన్ తీసి చేశాను, మూడుసార్లూ ఇంచుమించు అంతే. జన్యువును మోసే ప్లాస్మిడ్ డీఎన్‌ఏ సీక్వెన్స్ చూసుకున్నా, మార్పు ఉండాల్సిన చోటే ఉంది.

ఇది చాలదన్నట్టు ఇంకో తలనొప్పి. నేను చేరకముందు ఎవరో కొని ఫ్రీజర్‌లో పెట్టిన రీకాంబినెంట్ (జన్యువును వేరే జీవిలో పెట్టి చేయించిన) మనిషి పీఏహెచ్ వైల్ ఒకటి ఉంది. ఏ మార్పూ లేని మామూలు పీఏహెచ్. పోల్చుకోవడానికి పనికొస్తుందని తీస్తే, దాంట్లో పని దాదాపు సున్నా. చావాల్సింది బతికింది, బతకాల్సింది చచ్చింది.

మా గైడ్ గారు "నీ చేతిలో ఏదో ఉందమ్మా" అని ఒక్క మాట అని వెళ్లిపోయారు. అది పొగడ్తో తిట్టో ఇంకా తేలలేదు. శుక్రవారం ల్యాబ్ మీటింగ్. టెన్షన్‌గా ఉంది.

---

నిదానమే_ప్రధానం | మంగళవారం, ఉదయం 6:15

సీక్వెన్స్ చూసుకున్నావు, మూడుసార్లు చేశావు. సగం జబ్బు అక్కడే నయమైంది. ఇంకో నాలుగు సంగతులు చెప్పు తల్లీ.

ఎంబీపీని కోశావా, లేక దానితోనే పరీక్ష చేశావా? ప్రోటీన్లని సైజుని బట్టి విడదీసే సైజు కాలమ్ మీద వేసి చూశావా? ఫినైల్‌అలనిన్‌ని ఎంజైమ్‌తో ముందే కలిపి కాసేపు ఉంచావా, లేక అన్నీ ఒకేసారి పోశావా? ఈ ఎంజైమ్‌కి తోడుగా ఉండాల్సిన చిన్న అణువు బీహెచ్4 ఎప్పుడు కలిపింది?

ఇవి తెలియకుండా ఎవరేం చెప్పినా చీకట్లో రాయి వేయడమే.

---

చలిగది_కాపలా | మంగళవారం, ఉదయం 8:03

ఆ కొన్న వైల్ సంగతి నాకొదిలేయండి. పదేళ్లుగా ఇలాంటి వైల్స్‌తో కుస్తీ పడుతున్నాను.

పిపెట్టుపిల్ల గారూ, దాంతోపాటు వచ్చిన డేటా షీట్ పడేయలేదుగా? మొదటి పేజీ కాదు, రెండోది చూడండి. అక్కడ చిన్న అక్షరాల్లో ఉంటుంది అసలు కథ. ఎన్నో అమైనో ఆమ్లం నుంచి ఎన్నోదాకా తీశారు, ఏ తోక తగిలించారు, ఎందులో తయారుచేశారు, ఏ బఫర్‌లో ఉంది, దేనికి వాడమన్నారు. ఈ అయిదూ ఇక్కడ రాయండి.

---

పిపెట్టుపిల్ల | మంగళవారం, మధ్యాహ్నం 1:20

నిదానం గారూ, ఎంబీపీ కోయలేదండీ. కోస్తే దిగుబడి పోతుందని సీనియర్ చెప్పింది. సైజు కాలమ్ వేయలేదు. జెల్ మీద మాత్రం 95 కిలోడాల్టన్ల దగ్గర ఒకటే చక్కటి బ్యాండ్. ఫినైల్‌అలనిన్ మొదటి రెండుసార్లు ముందే కలపలేదు, మూడోసారి కలిపా. బీహెచ్4... పొద్దున్నే కలిపి ఐస్ మీద పెట్టుకుని సాయంత్రం దాకా వాడతాను.

కాపలా గారూ, షీట్ దొరికింది, మడతలుపడి డ్రాయర్ అడుగున ఉంది. 1 నుంచి 452 దాకా, మొత్తం పొడవు. ముందు హిస్ తోక (శుభ్రం చేసేటప్పుడు పట్టుకోవడానికి తగిలించే హిస్టిడిన్ల వరుస). ఈ.కోలై. బఫర్‌లో 8 మోలార్ యూరియా అని ఉంది. వాడకం: వెస్టర్న్ బ్లాట్ (యాంటీబాడీతో ప్రోటీన్‌ని గుర్తుపట్టే పరీక్ష), యాంటీబాడీ తయారీ. కింద ఇంకో లైను: "ఎంజైమ్ చర్య పరీక్షించబడలేదు".

ఆ లైను ఇప్పుడే చూశాను. సిగ్గుగా ఉంది.

---

చలిగది_కాపలా | మంగళవారం, మధ్యాహ్నం 1:48

సిగ్గెందుకు? మొదటి పేజీలో అంత పెద్దగా "మనిషి పీఏహెచ్, పూర్తి పొడవు, శుద్ధత 90 శాతం పైన" అని వేస్తే ఎవరైనా పడతారు.

8 మోలార్ యూరియా అంటే ఆ ప్రోటీన్ మడత మొత్తం విప్పేశారు. బ్యాక్టీరియా లోపల గడ్డకట్టిన ముద్దల్ని కరిగించి, శుభ్రం చేసి, అలాగే సీసాలో పోశారు. అమైనో ఆమ్లాల వరుస సరిగ్గానే ఉంది, ఆకారమే లేదు. ఊలు దారం అంతా ఉంది, స్వెట్టర్ మాత్రం లేదు. యాంటీబాడీ తయారుచేయడానికి అది చాలు, బ్లాట్‌లో గుర్తుగా వేసుకోవడానికీ చాలు. ఎంజైమ్‌గా మాత్రం సున్నా రావడమే న్యాయం. పైగా మీరు దాన్ని పరీక్ష గొట్టంలో పోస్తే ఆ యూరియా కూడా వెంట వస్తుంది.

గోధుమ మొలకల సారంలో చేసి, జీఎస్టీ (పన్ను కాదు, ఇంకో ప్రోటీన్) తోకతో అమ్మేవీ ఉంటాయి. వాటిలోనూ చాలావాటికి పని చూసి ఉండరు. కొనేముందు "ఎంజైమ్ చర్య ఇంత, ఈ పద్ధతిలో కొలిచాం" అని అంకెతో రాసి ఉందా చూడాలి. అంకె లేకపోతే అది యాంటిజెన్ (యాంటీబాడీ పుట్టించే సరుకు) అనుకుని కొనుక్కోవడమే.

అన్నట్టు వైల్ మీద మూత ఎన్నిసార్లు తీసిన గుర్తులున్నాయో చూశారా? మా దగ్గర ఒకదాన్ని పదకొండుసార్లు కరిగించి గడ్డకట్టించారు. మూత మీద తేదీలు రాసుకుంటూ పోయారు మహానుభావులు.

---

తెలుగులోనే | మంగళవారం, మధ్యాహ్నం 2:30

చర్చ బాగుంది. కానీ అందరూ "ప్రోటీన్" అంటున్నారు, చక్కగా "మాంసకృత్తు" అనవచ్చు కదా? మన పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాటే.

---

తోకచుక్క | మంగళవారం, మధ్యాహ్నం 2:41

"పునఃసంయోజిత మానవ మాంసకృత్తు వైల్ ఎక్కడ పెట్టావు?" అని చలిగదిలో అడిగి చూడండి. ఎవరూ వెతకరు, అందరూ నవ్వుతారు.

---

నిదానమే_ప్రధానం | మంగళవారం, రాత్రి 9:50

మాంసకృత్తు సంగతి తర్వాత. అసలు ప్రశ్నకి వస్తాను. కొంచెం పొడుగవుతుంది.

పీఏహెచ్ ఒక్కో గొలుసు 452 అమైనో ఆమ్లాలు, సుమారు 52 కిలోడాల్టన్లు. అవి నాలుగు కలిసి టెట్రామర్‌గా ఉంటాయి. ఒక్కో గొలుసులో ముందు అదుపు చేసే భాగం, మధ్యలో అసలు పని జరిగే భాగం, చివర నాలుగింటినీ ముడివేసే చిన్న తోక. పని జరిగే చోట ఒక ఇనుము పరమాణువు కూర్చుని ఉంటుంది. ఫినైల్‌అలనిన్, ఆక్సిజన్, బీహెచ్4 మూడూ అక్కడికి చేరితే టైరోసిన్ వస్తుంది. నీ 46వ గ్లైసీన్ ఎక్కడుంది? అదుపు చేసే భాగంలో. పని జరిగే చోటుకి దూరంగా. కాబట్టి ఆ మార్పు ఉన్న ఎంజైమ్ సరిగ్గా నిలబడి ఉన్నంతసేపూ పని బాగానే చేస్తుంది. నీ 80 శాతం అబద్ధం కాదు. నిలబడి ఉండటంలోనే ఉంది గొడవ.

ఇప్పుడు ఎంబీపీని చూడు. సుమారు 42 కిలోడాల్టన్లు, నీళ్లలో బ్రహ్మాండంగా కరుగుతుంది. పీఏహెచ్ కన్నా పెద్ద చిన్నదేం కాదు. నువ్వు దాన్ని తోక అంటే నేను ఊతకర్ర అంటాను. నాలుగు పీఏహెచ్‌ల చుట్టూ నాలుగు ఊతకర్రలు. ఒకదానికొకటి అంటుకోవాలని చూసే జిగట ముఖాల్ని అవి దగ్గరికి రానివ్వవు. అందుకే నీ జెల్ మీద చక్కటి బ్యాండ్, అందుకే నీకు పని కనిపిస్తోంది. ఊతకర్ర పట్టుకున్న మనిషి నడుస్తున్నాడని కాలు బాగుందంటామా?

జీ46ఎస్‌తో నువ్వు చూసింది నువ్వే మొదటిసారి చూడలేదు. 1996లోనే ఈ మార్పు మీద పని అచ్చయింది. మార్పు వల్ల ప్రోటీన్ గడ్డకట్టడం, కణంలో తొందరగా విరిగిపోవడం పెరుగుతాయని. ఆ తర్వాత జరిగిన పనుల్లో ఎంబీపీని గొట్టంలోనే కోసి, పీఏహెచ్ ఒకదాన్నొకటి పట్టుకుని పోగులు పోగులుగా అల్లుకోవడం చూశారు. ఈ మార్పునే ఒక నమూనాగా తీసుకుని, గడ్డకట్టడాన్ని ఆపే మార్గాలు వెతికారు కూడా. నీ చేతిలో ఏదో ఉందని మీ గైడ్ అన్నది నిజమే, ఉంది.

కాబట్టి చేయాల్సింది ఒకటే. ప్రోటీన్‌ని ఒక నిర్ణీత చోట కోసే ఎంజైమ్ ఫ్యాక్టర్ టెన్-ఏతో ఎంబీపీని కోయి, కానీ కాలమ్ మీద కాదు, కాంతి కొలిచే చిన్న గాజు పాత్ర క్యువెట్‌లోనే కోయి. 350 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్ పెట్టుకుని కూర్చో. ఆ తరంగదైర్ఘ్యంలో ప్రోటీన్ కాంతిని పీల్చుకోదు. అక్కడ రీడింగ్ పైకి పోతోందంటే గొట్టంలో ఏదో పెద్దది తయారై కాంతిని చెదరగొడుతోందన్నమాట. మామూలుదీ, జీ46ఎస్‌దీ, కోయనివి రెండూ, మొత్తం నాలుగు క్యువెట్లు. కోసిన దాంట్లోంచి మధ్యమధ్య కొంచెం తీసి జెల్‌కి పెట్టు, కోత రెండింటిలోనూ ఒకే వేగంతో జరిగిందని చూపించడానికి. లేకపోతే మీటింగ్‌లో మొదటి ప్రశ్న అదే.

ఇక నీ 80 శాతంలోనూ కొంత బురద ఉంది. మామూలు పీఏహెచ్‌కి ఒక అలవాటు ఉంది. ఫినైల్‌అలనిన్ కాసేపు ముందే తగిలితేనే పూర్తిగా మేల్కొంటుంది, కొన్ని రెట్లు పెరుగుతుంది. కాలేయంలో దాని పనే అది మరి, ఫినైల్‌అలనిన్ ఎక్కువైతే లేవాలి, తక్కువైతే పడుకోవాలి. జీ46ఎస్‌లో ఆ మేల్కోవడం తక్కువ. నువ్వు ముందే కలపకుండా చేసిన రెండుసార్లూ, నిద్రలో ఉన్న మామూలుదానితో పోల్చావు. కాబట్టి మార్పు ఉన్నది ఉన్నదానికన్నా గొప్పగా కనిపించింది. మూడోసారి అంకె విడిగా చూడు, తక్కువే ఉంటుంది.

బీహెచ్4 సంగతి కాపలా చెప్తాడు. నాకు నిద్రొస్తోంది.

---

చలిగది_కాపలా | మంగళవారం, రాత్రి 10:12

చెప్తాను. పొద్దున కలిపిన బీహెచ్4 సాయంత్రం దాకా వాడటం తగదండీ! గాలి తగిలితే అది ఆక్సిడైజ్ అయిపోతుంది. పీహెచ్ 7 దగ్గరైతే నిమిషాల లెక్కే, ఐస్ కొంచెం ఆలస్యం చేస్తుందంతే. సాయంత్రానికి మీ గొట్టంలో ఉన్నది బీహెచ్4 కాదు, దాని జ్ఞాపకం. పైగా అలా పాడయ్యేటప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, అది ఎంజైమ్‌ని కొరుకుతుంది. అందుకే పరీక్షలో ఆ పెరాక్సైడ్‌ని విరిచే క్యాటలేజ్ వేస్తారు. డీటీటీ వేసేది బీహెచ్4ని తిరిగి మామూలు రూపంలో ఉంచడానికి.

నేను చేసే పద్ధతి: పొడిని చిన్న గొట్టాల్లో పంచి, చీకట్లో, మైనస్ 80లో. వాడే ముందు పలచటి ఆమ్లంలో కలిపి, అన్నిటికన్నా చివర వేసి, గడియారం నొక్కడం. మిగతావి ఎంజైమ్, ఫినైల్‌అలనిన్ 1 మిల్లీమోలార్, క్యాటలేజ్, ఫెర్రస్ ఇనుము. ఇవి 25 డిగ్రీల దగ్గర అయిదు నిమిషాలు కూర్చున్నాక బీహెచ్4తో మొదలుపెట్టాలి. ఒక్క నిమిషంలో ఎసిటిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాల్‌తో ఆపేయాలి. టైరోసిన్‌ని హెచ్‌పీఎల్‌సీలో (కలిసి ఉన్నవాటిని విడదీసి కొలిచే యంత్రం) ఫ్లోరెసెన్స్‌తో చూడండి, 274 నానోమీటర్ల దగ్గర వెలిగించి 304 దగ్గర చదవండి.

ఇనుము మరిచిపోయేవాళ్లు చాలామంది. ఈ.కోలై ప్రతి పీఏహెచ్‌కీ ఇనుము పెట్టి పంపదు.

---

తోకచుక్క | బుధవారం, ఉదయం 9:05

అంతా విన్నాక నాకొచ్చే ప్రశ్న ఒకటే. ఈ ఊతకర్రలు, ఈ ఇనుము, ఈ బ్యాక్టీరియా గోల ఎందుకు? జబ్బు మనిషిది, ప్రోటీన్ మనిషిది, మనిషి కణాల్లోనే చేసుకోవచ్చుగా? గొట్టంలో 80 శాతం, ఒంట్లో సున్నా వచ్చే పద్ధతిని నమ్మి జన్యుమార్పుల మీద తీర్పులు ఎలా ఇస్తారు? కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది.

---

నిదానమే_ప్రధానం | బుధవారం, ఉదయం 9:40

ఎలుకే కావాలంటే ఎలుకలూ ఉన్నాయిలే, దానికీ వస్తాను.

ప్రోటీన్‌ని బట్టి ఉంటుంది తోకచుక్కా. పీఏహెచ్ కణం లోపలి ద్రవంలో ఉండేది. దానికి చక్కెర గొలుసులు తగిలించక్కర్లేదు. కాబట్టి ఈ.కోలై చేసిన పీఏహెచ్, సరిగ్గా మడత పడితే, పనిలో అసలుదానికి దగ్గరగానే ఉంటుంది. లోటు ఉన్నది ఒకచోట: 16వ సెరీన్ మీద కాలేయ కణం పెట్టే ఫాస్ఫేట్ బ్యాక్టీరియా పెట్టదు. దానివల్ల ఫినైల్‌అలనిన్‌కి మేల్కొనే తీరు కొంచెం మారుతుంది. కావాలంటే గొట్టంలో కైనేజ్ వేసి పెట్టుకోవచ్చు.

అదే గాషే జబ్బులో లోపించే గ్లూకోసెరిబ్రోసిడేజ్ తీసుకో. అది కణంలో చెత్తను విరిచే సంచి, లైసోసోమ్‌కి వెళ్లాలి, చక్కెర గొలుసులు తప్పనిసరి. ఈ.కోలై దాన్ని చేయలేదు. అందుకే 1994లో వచ్చిన ఇమిగ్లూసెరేజ్ అనే మందుని చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయ కణాల్లో చేస్తారు. చక్కెర గొలుసుల చివర్లు కత్తిరించి మ్యానోజ్ అనే చక్కెర బయటపడేలా చేస్తారు, మ్యాక్రోఫేజ్‌లు దాన్ని పట్టుకుని లోపలికి లాక్కోవడానికి. అక్కడ ఈ.కోలై వాడితే నువ్వన్నట్టే కొండ తవ్వడం.

మనిషి కణాల్లో చేస్తే ఇంకో చిక్కు. జీ46ఎస్‌ని మనిషి కణాల్లో పెడితే ప్రోటీన్ కొంచెమే మిగులుతుంది. ఎందుకు తక్కువ? సరిగ్గా మడత పడలేదా, మడత పడ్డాక గడ్డకట్టిందా, కణంలోని కాపలా దాన్ని పట్టుకుని పాడైన ప్రోటీన్లని ముక్కలు చేసే ప్రోటియాజోమ్‌కి అప్పగించిందా? కణంలో ఇవన్నీ కలగాపులగం. శుద్ధమైన ప్రోటీన్ గొట్టంలో ఉంటే ఒక్కొక్కటీ విడదీసి అడగొచ్చు. గొట్టానిది ఒక సాక్ష్యం, కణానిది ఇంకో సాక్ష్యం. ఇద్దరు సాక్షులూ వేరే మాట చెప్తున్నారంటే ఒకరు అబద్ధాలకోరని కాదు. నువ్వు రెండు వేరే ప్రశ్నలు అడిగావన్నమాట.

---

తోకచుక్క | బుధవారం, ఉదయం 10:02

సరే, ఒప్పుకున్నా. కానీ ఒక మాట. పీకేయూ రోగుల్లో చాలామందికి రెండు ప్రతుల్లోనూ ఒకే మార్పు ఉండదు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి వేరేది. టెట్రామర్ అంటే నాలుగు గొలుసులు. కాలేయంలో రెండు రకాలూ కలిసి టెట్రామర్ అవుతాయి కదా? మీరేమో గొట్టంలో ఒకే రకం నాలుగు పెట్టి కొలుస్తారు.

---

నిదానమే_ప్రధానం | బుధవారం, ఉదయం 10:30

ఇది మంచి దెబ్బ. నిజమే. రెండు రకాల పీఏహెచ్‌ని ఒకే కణంలో వేరే వేరే తోకలతో చేయించి, కలిసిన టెట్రామర్‌లను విడదీసి చూసినవాళ్లున్నారు. ఒక్కోసారి రెండింటి సగటు కన్నా అధ్వాన్నంగా వస్తుంది, బాగున్న గొలుసుని పాడైనది కిందికి లాగుతుంది. పీఏహెచ్‌లో వెయ్యికి పైగా మార్పులు నమోదయ్యాయి. జతలు లెక్కేసుకో.

---

బాబు_వాళ్లమ్మ | బుధవారం, మధ్యాహ్నం 3:15

క్షమించండి, నేను సైంటిస్టుని కాదు. మా బాబుకి నాలుగేళ్లు. పుట్టినప్పుడు మడమ మీద సూది గుచ్చి తీసిన రక్తం చుక్కలో పీకేయూ అని తేలింది. అప్పటినుంచీ ఫినైల్‌అలనిన్ లేని ఫార్ములా, కొలతపెట్టిన తిండి. రిపోర్టులో జన్యువులో మార్పులని ఆర్261క్యూ అని ఒకటి, ఇంకోటి వేరే పేరు ఉంది.

వెతుకుతుంటే ఈ చర్చ కనబడింది. బాబుకి లేని ఎంజైమ్ సీసాల్లో దొరుకుతోందని ఇప్పుడే తెలిసింది. మరి దాన్ని సూదిమందుగా ఎందుకివ్వరు? డాక్టర్ గారిని అడిగితే అలా కుదరదమ్మా అన్నారు, ఎందుకో చెప్పలేదు. తెలివితక్కువ ప్రశ్న అయితే వదిలేయండి.

---

పిపెట్టుపిల్ల | బుధవారం, మధ్యాహ్నం 3:40

తెలివితక్కువ ప్రశ్న కానే కాదక్కా. నేను రెండేళ్ల కిందట ఈ ల్యాబ్‌లో చేరినరోజు అడిగిన ప్రశ్న ఇదే. నాకు తెలిసినంత చెప్తాను, తప్పుంటే పెద్దలు దిద్దండి.

మొదట ఆ సీసాలో ఉన్నది మందు కాదు. పరిశోధనకు మాత్రమే అని దానిమీదే రాసి ఉంటుంది. బ్యాక్టీరియాలో చేసినది కాబట్టి దాని గోడల్లోని ఎండోటాక్సిన్ కూడా వెంట ఉండొచ్చు, రక్తంలోకి వెళ్తే జ్వరం, ఇంకా ప్రమాదం. మా ఫ్రీజర్‌లో ఉన్నదైతే యూరియాలో ఉన్న చచ్చిన ప్రోటీన్, పైన చదివే ఉంటారు.

అది శుద్ధంగా ఉన్నా పని జరగదు. పీఏహెచ్ కాలేయ కణం లోపల పనిచేసేది. నాలుగు గొలుసుల అంత పెద్ద ప్రోటీన్ రక్తంలో తిరుగుతుంది గానీ కణం గోడ దాటి లోపలికి వెళ్లలేదు. రక్తంలోనే పనిచేయించుకుందామంటే దానికి బీహెచ్4 కావాలి. వాడిన బీహెచ్4ని మళ్లీ తయారుచేసే ఎంజైమ్‌లు కణంలోనే ఉంటాయి. ఇంజిన్ ఒక్కటే తెచ్చి రోడ్డుమీద పెట్టినట్టవుతుంది.

---

చలిగది_కాపలా | బుధవారం, సాయంత్రం 4:05

బాగా చెప్పారు. అమ్మా, దీనికి చుట్టుదారి ఒకటి కనిపెట్టారు. పీఏహెచ్‌ని వదిలేసి, బీహెచ్4 అక్కర్లేని వేరే ఎంజైమ్‌ని తీసుకున్నారు. అనబీనా అనే నీలిఆకుపచ్చ శైవలం నుంచి వచ్చింది, ఫినైల్‌అలనిన్‌ని విరిచి సిన్నమిక్ ఆమ్లం, అమ్మోనియా చేస్తుంది. ఇదీ ఈ.కోలైలో చేసే రీకాంబినెంట్ ప్రోటీనే. రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తుపట్టకుండా చుట్టూ పాలీఇథిలీన్ గ్లైకాల్ పోగులు తొడిగారు. పెగ్‌వాలియేజ్ అంటారు, అమెరికాలో 2018లో పెద్దవాళ్ల కోసం అనుమతి వచ్చింది. తీవ్రమైన అలర్జీ వచ్చే ప్రమాదం ఉందని పెద్ద హెచ్చరికతో వచ్చింది. నాలుగేళ్ల పిల్లలకి కాదు.

పిల్లలకి పనికొచ్చే మాట బీహెచ్4 మందు. సాప్రోప్టెరిన్ 2007లో వచ్చింది, అదే బీహెచ్4. ఎంజైమ్ కొంచెమైనా మిగిలి ఉంటే, దాన్ని పట్టుకుని నిలబెడుతుంది. మేం గొట్టంలో వెతికే "గడ్డకట్టకుండా నిలబెట్టేది" అన్నది మందుగా మారితే ఇలా ఉంటుంది. సెపియాప్టెరిన్ అని ఇంకోటి 2025లో అమెరికాలో అనుమతి పొందింది, అది ఒంట్లో బీహెచ్4గా మారుతుంది.

ఏ పిల్లలకి పనిచేస్తుందో మార్పు పేరు చూసి ఖాయంగా చెప్పలేం. ఆర్261క్యూ ఉన్నవాళ్లలో కొందరికి పనిచేసింది, కొందరికి లేదు, రెండో మార్పు ఏదన్నదాన్ని బట్టి కూడా. మందు ఇచ్చి రక్తంలో ఫినైల్‌అలనిన్ 30 శాతమైనా తగ్గుతుందా అని చూసే పరీక్ష ఉంది. ఆ పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి. తిండి కొలత మాత్రం మీ అంతట మీరు మార్చకండి. 12 ఏళ్లలోపు పిల్లలకి లీటరుకి 120 నుంచి 360 మైక్రోమోల్స్ మధ్య ఉంచమంటారు, అది ఇప్పటికీ తిండితోనే నిలబడుతోంది.

---

నిదానమే_ప్రధానం | బుధవారం, సాయంత్రం 6:20

అమ్మా, ఈ జబ్బు బయటపడిందే ఒక తల్లి వదలకపోవడం వల్ల. 1934లో నార్వేలో ఇద్దరు పిల్లల తల్లి, పిల్లలకి ఎదుగుదల ఎందుకు లేదో, వాళ్ల మూత్రంలో ఆ వింత వాసన ఏంటో చెప్పమని డాక్టర్ల చుట్టూ తిరిగి తిరిగి, ఆస్బ్యోర్న్ ఫోలింగ్ దగ్గరికి చేరింది. ఆయన మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే ఎర్రగోధుమ రంగు రావాల్సింది ఆకుపచ్చగా మారింది. అక్కడ మొదలైంది మేం చేస్తున్నదంతా. మీరు ప్రశ్నలు అడుగుతూనే ఉండండి.

తోకచుక్కా, ఎలుకలన్నాను కదా. ఈవిడ చెప్పిన ఆర్261క్యూ మార్పునే ఎలుకల్లో పెట్టి చూసిన పని 2021లో వచ్చింది. వాటి కాలేయంలో పీఏహెచ్ గడ్డలు కనిపించాయి, వాటితోపాటు కణం ఒత్తిడిలో ఉన్న గుర్తులూ కనిపించాయి. అంటే ఎంజైమ్ లేకపోవడం ఒక నష్టం, ఉన్నది గడ్డకట్టి కూర్చోవడం ఇంకో నష్టం కావచ్చు. గొట్టంలో కనిపించే గడ్డ గొట్టం గోలే అని తోసేయకూడదనేది అందుకే.

---

బాబు_వాళ్లమ్మ | బుధవారం, రాత్రి 8:55

రెండుసార్లు చదివాను. ఇంజిన్ రోడ్డుమీద పెట్టిన మాట అర్థమైంది. పరీక్ష పేరు కాగితం మీద రాసుకున్నాను. అందరికీ కృతజ్ఞతలు.

---

పిపెట్టుపిల్ల | గురువారం, రాత్రి 11:58

చేశాను!!

నాలుగు క్యువెట్లు, 25 డిగ్రీలు, 350 నానోమీటర్లు. ఫ్యాక్టర్ టెన్-ఏ వేసి కూర్చున్నా. మొదటి ఇరవై నిమిషాలు నాలుగు గీతలూ నేలమీద పడుకుని ఉన్నాయి. ఏమీ లేదులే అని టీ తాగొద్దామని లేచాను. తిరిగొచ్చేసరికి జీ46ఎస్ కోసిన గీత ఒక్కటే లేచి నిలబడి ఉంది. గంట గడిచేసరికి క్యువెట్‌ని లైటుకి పెట్టి చూస్తే మజ్జిగతేట కన్నా పలచటి మసక, కంటికే తెలుస్తోంది. మామూలుది కోసినా అలాగే తేటగా ఉంది. కోయనివి రెండూ తేట.

జెల్ మీద కోత రెండింటిలోనూ ఒకేలా జరిగింది. 52 దగ్గర ఒకటి, 42 దగ్గర ఒకటి. నిదానం గారు చెప్పకపోతే ఇది చేసేదాన్ని కాదు.

మిగిలినది సైజు కాలమ్ మీద వేశాను. మామూలుది టెట్రామర్ ఉండాల్సిన చోట శిఖరం. జీ46ఎస్‌లో ఆ శిఖరం దాదాపు మాయం, అంతా మొట్టమొదటే, వాయిడ్‌లో, అంటే కాలమ్ విడదీయలేనంత పెద్దవి వచ్చే చోట, కొట్టుకొచ్చేసింది.

తాజా బీహెచ్4తో, ఫినైల్‌అలనిన్ ముందే కలిపి, కోయని ప్రోటీన్ల పని మళ్లీ కొలిచాను. మామూలుది బాగా లేచింది. జీ46ఎస్ ఇప్పుడు 60 శాతం. 80 కాదు.

అయిదో క్యువెట్ ఒకటి నా సొంతంగా పెట్టాను, జీ46ఎస్ కోత, కానీ బఫర్‌లో గ్లిసరాల్ ఎక్కువ. గీత ఆలస్యంగా లేచింది, తక్కువగా లేచింది. ఒక్కసారే చేశాను కాబట్టి మీటింగ్‌లో చూపించను.

---

నిదానమే_ప్రధానం | శుక్రవారం, ఉదయం 5:50

గ్లిసరాల్ ఉంటే కోత కూడా నెమ్మదిస్తుందేమో చూసుకో. జెల్ పెట్టావా ఆ క్యువెట్‌కి?

---

పిపెట్టుపిల్ల | శుక్రవారం, ఉదయం 7:30

పెట్టలేదు. ఇవాళ సాయంత్రం పెడతాను. అందుకే చూపించనన్నాను, మీరు ఇదే అడుగుతారని తెలుసు.

---

తోకచుక్క | శుక్రవారం, సాయంత్రం 5:10

మీటింగ్ ఏమైంది? ఇక్కడ జనం గోళ్లు కొరుక్కుంటున్నారు.

---

పిపెట్టుపిల్ల | శుక్రవారం, సాయంత్రం 6:45

బాగా జరిగింది. ఆ లేచిన గీత చూసి గైడ్ గారు స్లైడ్ వెనక్కి తిప్పించి రెండుసార్లు చూశారు. కోత జెల్ ఏదీ అని అడిగారు, తర్వాతి స్లైడే అది.

చివర్లో కొన్న వైల్ సంగతి వచ్చింది. 8 మోలార్ యూరియా, "ఎంజైమ్ చర్య పరీక్షించబడలేదు" అన్న లైను పెద్దది చేసి చూపించాను. గైడ్ గారికి కోపం వచ్చింది. షీట్ చదవకుండా దీన్ని ఎవరు ఆర్డర్ చేశారు, ఆ ఫారం తీయండి అన్నారు. సీనియర్ వెళ్లి పాత ఫైల్ వెతికి తెచ్చింది.

సంతకం ఆయనదే.